సి. మహదేవన్

కలమూర్ మహదేవన్ (మే 6, 1901 - ఏప్రిల్ 6, 1962) సుప్రసిద్ధ భూవిజ్ఞాన శాస్త్రవేత్త, ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖాధిపతి. సి. వి. రామన్ వద్ద పరిశోధన ప్రారంభించి, నిజాం కాలపు హైదరాబాదు రాష్ట్ర భూగర్భ సర్వేలో పనిచేసి, ఆ పిదప వాల్తేరులో ఆచార్య పదవిని అధిష్ఠించాడు. బొగ్గు నిర్మాణం, ఖనిజాలలోని రేడియోధార్మికత, భీమా శ్రేణి శిలలు, తూర్పు తీరపు ఇసుకలు, బంగాళాఖాతపు అడుగున ఉన్న అవక్షేపాలు ఈయన పరిశోధించిన ప్రధాన విషయాలు. భారతదేశంలో సముద్ర భూవిజ్ఞానానికి పునాది వేసినవారిలో ఈయన ఒకడు. బంగాళాఖాతంలో ఒక అంతస్సాగర అగాధదరికి ఈయన పేరు పెట్టారు.

మహదేవన్ స్వయంగా చమురు బావి త్రవ్వించిన శాస్త్రవేత్త కాడు. అయితే చమురు అన్వేషణకు ఆధారమైన అవక్షేప విజ్ఞానాన్ని తెలుగునాట విశ్వవిద్యాలయ స్థాయిలో నెలకొల్పింది ఈయన తరమే. నదులు తెచ్చే మట్టి ఎక్కడ చేరుతుంది, ఏ క్రమంలో పేరుకుంటుంది, దానిలో ఏమేమి మిగులుతాయి అనే ప్రశ్నలను గోదావరి ముఖద్వారం వద్ద, విశాఖ తీరాన పరిశీలించాడు. ఈయన మరణానంతరం కృష్ణా-గోదావరి బేసిన్ దేశంలోని ముఖ్యమైన సహజవాయు క్షేత్రాలలో ఒకటిగా రూపొందింది.

విద్య, కలకత్తా జీవితం

మహదేవన్ 1901, మే 6న జన్మించాడు. మద్రాసులో భూవిజ్ఞానం అభ్యసించి ఎం. ఏ. పట్టా పొందాడు. తరువాతి కాలంలో డి.ఎస్‌సి. పట్టా కూడా లభించింది. ఆ రోజులలో భూవిజ్ఞాన పట్టభద్రునికి ప్రధానంగా కనిపించే దారి ప్రభుత్వ సర్వే ఉద్యోగం. మహదేవన్ మాత్రం ముందుగా భౌతికశాస్త్ర ప్రయోగశాలను ఎంచుకున్నాడు. 1920ల ద్వితీయార్ధంలో కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో చేరి రామన్ పర్యవేక్షణలో పరిశోధన సాగించాడు. 1928 ఫిబ్రవరిలో రామన్ ప్రభావం వెలుగుచూసింది ఆ ప్రయోగశాలలోనే. రామన్ శిష్యులలో ఎక్కువమంది కాంతిపై, ధ్వనిపై పనిచేస్తుండగా, మహదేవన్ అక్కడి పరికరాలను రాళ్ళపై, ఖనిజాలపై ప్రయోగించాడు.

ఈయన తొలి పరిశోధనలలో ఒకటి కార్డియరైట్ అనే ఖనిజంలో కనిపించే వర్ణవలయాలకు సంబంధించినది. ఈ ఖనిజంలో కొన్నిచోట్ల జిర్కాన్ వంటి అతి చిన్న స్ఫటికాలు చిక్కుకొని ఉంటాయి. వాటిలోని యురేనియం, థోరియం క్షీణించి ఆల్ఫా కణాలను వెలువరిస్తాయి. ఆ కణాలు చుట్టూ ఉన్న ఖనిజంలోకి కొద్ది దూరం మాత్రమే చొచ్చుకుపోగలవు. అంతమేరకు ఖనిజం రంగు మారి, సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రని వలయంలా కనిపిస్తుంది. వలయపు వ్యాసార్ధాన్ని బట్టి లోపల ఉన్న రేడియోధార్మిక మూలకం ఏదో అంచనా వేయవచ్చు. రాతిలోని రేడియోధార్మికత పట్ల అప్పుడు ఏర్పడిన ఆసక్తి మహదేవన్‌ను చివరివరకు విడిచిపెట్టలేదు.

బొగ్గుపై పరిశోధన

1929 - 30 ప్రాంతంలో మహదేవన్ బొగ్గును ఎక్స్-కిరణాలతో పరీక్షించాడు. బొగ్గు ముక్కను దగ్గరగా చూస్తే దానిలో మెరిసే చారలు, మెరుపు లేని చారలు విడివిడిగా కనిపిస్తాయి. మెరిసే భాగాన్ని విట్రెయిన్ అని, మసకగా ఉండే గట్టి భాగాన్ని డ్యూరెయిన్ అని పిలుస్తారు. ప్రాచీన వృక్షాల కలప, బెరడు విట్రెయిన్‌గా మారగా, సిద్ధబీజాలు, ఆకుల పైపొరలు, సన్నని మట్టి కలగలిసి డ్యూరెయిన్ ఏర్పడుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి వాటి ఎక్స్-కిరణ చిత్రాలను పోల్చడం ఈయన పరిశోధన సారాంశం.

స్ఫటికాల గుండా ఎక్స్-కిరణాలు పోయినపుడు స్పష్టమైన గీతలు ఏర్పడతాయి. బొగ్గులోని కర్బన పదార్థం అలా కాక వెడల్పైన, మసక అంచులు గల వలయాలను ఇస్తుంది. అందులో కలిసి ఉన్న బూడిద ఖనిజాలు మాత్రం తమ స్పష్టమైన గీతలను చూపుతాయి. ఈ విధంగా బొగ్గును కాల్చకుండానే దాని అంతర్నిర్మాణాన్ని గురించి తెలుసుకొనే వీలు కలిగింది. బొగ్గు నాణ్యతను ప్రధానంగా దహనం ద్వారా, రసాయన విశ్లేషణ ద్వారా నిర్ణయించే కాలంలో ఇది కొత్త దారి. ఈ వ్యాసాలు ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వెలువడ్డాయి.

ఇదే కాలంలో మహదేవన్ విశాఖపట్నం రేవు ప్రాంతపు భూవిజ్ఞానంపై ఒక వ్యాసం వ్రాశాడు. అది 1929లో ప్రచురితమైంది. అప్పటికి రేవు నిర్మాణం జరుగుతూ ఉన్నది. 1933 అక్టోబరులో తొలి ఓడ ఆ రేవులో ప్రవేశించింది. ఖోండలైటు కొండల నడుమ ఉన్న ఆ ఊరికే మరో పదహారేళ్ళకు ఆచార్యుడిగా రావలసి ఉన్నదని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

హైదరాబాదు రాష్ట్ర భూగర్భ సర్వే

1930ల తొలినాళ్ళలో మహదేవన్ హైదరాబాదు రాష్ట్ర భూగర్భ సర్వేలో ఉద్యోగంలో చేరాడు. బ్రిటిషు ఇండియాలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా చేసే పనిని నిజాం రాజ్యంలో చాలావరకు ఈ సంస్థ నిర్వహించేది. కెప్టెన్ లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో ఇది రాయచూరు దోఆబ్‌లో పురాతన బంగారు గనుల ఆనవాళ్ళను వెదికింది. 1929 నుండి సొంత పత్రికను కూడా వెలువరించింది. మన్ బావుల త్రవ్వకపు శాఖను కూడా చూసేవాడు. కరువు సీమలో ఎక్కడ నీరు పడుతుందో చెప్పడం కూడా భూవిజ్ఞానుల బాధ్యతగానే ఉండేది.

రాష్ట్ర ఖజానాకు కావలసినది బొగ్గు, బంగారం, సున్నపురాయి. గోదావరి లోయలో ఇల్లెందు వద్ద 1871 ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గును గుర్తించగా, 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ దానిని వెలికితీయడం ఆరంభించింది. 1920లో ఆ వ్యవహారం సింగరేణి కంపెనీ చేతికి వచ్చింది. బొగ్గు నిర్మాణాన్ని ప్రయోగశాలలో చదివిన శాస్త్రజ్ఞుడు బొగ్గు పొరలున్న రాష్ట్రానికే ఉద్యోగరీత్యా రావడం విశేషం. కాని మహదేవన్ ప్రధాన కృషి బొగ్గు సీమలో కాక, రాష్ట్రపు పడమటి అంచున గుల్బర్గా జిల్లాలో సాగింది.

గుల్బర్గా జిల్లా సురపురం తాలూకాలోని దక్షిణ, నైరుతి భాగాల భూవిజ్ఞానంపై ఈయన వ్రాసిన విపులమైన నివేదిక 1941లో సర్వే పత్రికలో వెలువడింది. 1947లో భీమా శ్రేణి శిలలపై చేసిన అధ్యయనం ప్రచురింపబడింది. హైదరాబాదు కాలంలో ఈయన చేసిన పనులలో ఎక్కువగా ఉదహరింపబడేది ఇదే.

భీమా శ్రేణి

భీమా నది పేరు మీదుగా పిలువబడే ఈ శిలలు గుల్బర్గా, బీజాపూరు ప్రాంతాలలో సన్నని పట్టీలా పరచుకొని ఉన్నాయి. అడుగున కణశిల, నైస్ వంటి అతి ప్రాచీన శిలలు, వాటిపై గులకరాళ్ళ పొర, ఇసుకరాయి, ఆపై షేలు, సున్నపురాయి క్రమంగా కనిపిస్తాయి. ఉత్తరాన ఇవన్నీ దక్కన్ లావా పొరల క్రింద మరుగైపోతాయి. ఈ పొరలలో వయసును తేల్చిచెప్పే స్పష్టమైన శిలాజాలు లేకపోవడం వలన వాటి క్రమాన్ని నిర్ణయించడం కష్టం. మహదేవన్ ఒక్కొక్క పొరను నేలపై నడిచి గుర్తించి, శ్రేణిని అధో, మధ్య, ఊర్ధ్వ భాగాలుగా విభజించాడు. తరువాత వచ్చిన పరిశోధకులు ఈ విభజనను సవరించినా, తమ చర్చను దీనితోనే ఆరంభించడం ఆనవాయితీ అయింది.

హైదరాబాదు నగర వాసులకు ఈ శిలలు వేరొక రూపంలో సుపరిచితం. పాత ఇళ్ళ వరండాలలో, వంటిళ్ళలో, బడులలో పరచిన షాబాదు బండలు భీమా శ్రేణి సున్నపురాయే. షాహాబాద్, వాడి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలకు కూడా ముడిసరుకు ఇదే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినపుడు గుల్బర్గా, రాయచూరు జిల్లాలు మైసూరు రాష్ట్రంలో (నేటి కర్ణాటక) కలిసిపోయాయి. 1990లలో ఈ బేసిన్‌లోని గోగి వద్ద యురేనియం నిక్షేపం కనుగొనబడింది.

వరంగల్, ఖమ్మం ప్రాంతాలలోని పాఖాల శ్రేణి శిలల వర్గీకరణపై కూడా మహదేవన్ పనిచేశాడు. ఆ వ్యాసం 1949లో, అనగా ఈయన హైదరాబాదు విడిచిన తరువాత వెలువడింది. సర్వేలో గడిపిన సంవత్సరాలు ఈయనకు రెండు అలవాట్లను నేర్పాయి. మొదటిది, పటం గీయకుండా సిద్ధాంతం చెప్పకపోవడం. రెండవది, పొరల వరుసను అడుగునుండి పైకి చదవడం. వాల్తేరులో సముద్రపు అడుగును చదవడానికి ఈ రెండూ ఉపకరించాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం

1926లో స్థాపించబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖ 1941లో ఏర్పడింది. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడటంతో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి, 1946లో తిరిగి వాల్తేరుకు చేరింది. ఈ సంధికాలంలోనే, 1945 ప్రాంతంలో, మహదేవన్ భూవిజ్ఞాన శాఖ బాధ్యతలను స్వీకరించాడు. అప్పటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. 1949లో ఆయన స్థానంలో వాసిరెడ్డి శ్రీకృష్ణ వచ్చి 1961 వరకు ఆ పదవిలో కొనసాగాడు.

1949లో విశ్వవిద్యాలయంలో భూభౌతిక శాస్త్ర బోధన మొదలయింది. భూమిని త్రవ్వకుండానే గురుత్వం, అయస్కాంతత్వం, కంపనాల సాయంతో లోపలి పొరలను గుర్తించే ఈ శాస్త్రం చమురు అన్వేషణకు ప్రాణం వంటిది. దేశంలో అటువంటి కోర్సులు అప్పటికి చాలా అరుదు. వాతావరణ శాస్త్రం, సముద్ర శాస్త్రం కూడా క్రమంగా తోడయ్యాయి. కొండ మీద తరగతి గది, ఎదురుగా సముద్రం ఉన్న వాల్తేరులో ఈ శాస్త్రాలన్నీ ఒకదానికొకటి చేరువగా పెరిగాయి.

తీరపు ఇసుకలు

విశాఖ, భీమునిపట్నం తీరాలలో అలలు వెనుదిరిగిన తరువాత ఇసుకపై నల్లని, ఎర్రని చారలు కనిపిస్తాయి. ఇవి తూర్పు కనుమలలోని ఖోండలైటు, చార్నొకైటు శిలలు శిథిలమై వాగుల ద్వారా సముద్రానికి చేరిన బరువైన ఖనిజాలు. నల్లని చారలో ఇల్మెనైటు, ఎర్రని చారలో గార్నెటు అధికం. వీటితోబాటు సిల్లిమనైటు, జిర్కాన్, స్వల్పంగా మోనజైటు ఉంటాయి. మోనజైటులో థోరియం ఉంటుంది.

1948లో మహదేవన్, ఎ. శ్రీరామదాసు కలిసి విశాఖపట్నం జిల్లా తీరపు ఇసుకలలోని మోనజైటుపై వ్యాసం ప్రచురించారు. మోనజైటు అనగానే అప్పటివరకు తిరువాన్కూరు తీరమే గుర్తుకు వచ్చేది. అణుశక్తి యుగం ఆరంభమైన ఆ సంవత్సరాలలో థోరియం ఖనిజం తూర్పు తీరంలో కూడా ఉన్నదని నమోదు చేయడానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. కలకత్తాలో వర్ణవలయాలను కొలిచిన యువకుని ఆసక్తి ఇక్కడ ఇరవై ఏళ్ళకు వేరే రూపంలో తిరిగి కనిపిస్తుంది. ఈ బరువు ఇసుకల త్రవ్వకం తరువాతి దశాబ్దాలలో ఆంధ్ర తీరంలో పెద్ద వివాదానికి కూడా కారణమయింది.

విశాఖ తీరంలో ఇసుక కోత

విశాఖ రేవు ముఖాన అలలను అడ్డగించడానికి జానస్, వెల్లెస్డన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి అడ్డుకట్టగా ఏర్పాటుచేశారు. నైరుతి ఋతుపవన కాలంలో ఈ తీరం వెంబడి ఇసుక ఉత్తర దిశగా కదులుతుంది. ఈశాన్య ఋతుపవన కాలంలో దక్షిణానికి మళ్ళుతుంది. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. మధ్యలో అడ్డుకట్ట వచ్చేసరికి ఇసుక దక్షిణాన నిలిచిపోయి, ఉత్తరాన ఉన్న నగరపు బీచికి ఆహారం తగ్గింది. సముద్రం ఒడ్డును కోయసాగింది.

ఎం. పూర్ణచంద్రరావుతో కలిసి మహదేవన్ విశాఖ బీచి పరిణామాన్ని అధ్యయనం చేశాడు. ఒడ్డు ఎత్తు, వాలు, ఇసుక రేణువుల పరిమాణం ఋతువును బట్టి ఎట్లా మారుతాయో నమోదు చేయడం ఈ పద్ధతిలోని ముఖ్యాంశం. రేవు నుండి పూడిక తీసిన ఇసుకను బీచిపై పోయడం నగరంలో దశాబ్దాలుగా జరుగుతూ వచ్చిన పని. సమస్య పూర్తిగా తీరలేదు కాని, ఇసుక ఎక్కడినుండి ఎక్కడికి పోతుందన్న లెక్కకు ఆధారం ఇటువంటి పరిశీలనలే.

గోదావరి ముఖద్వారం

గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఉత్తరంగా పదిహేను కిలోమీటర్లకు పైగా పొడవున్న ఒక ఇసుక దిబ్బ కొమ్ములా సాగి ఉంది. దీని కొస కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్‌గా ప్రసిద్ధం. కాకినాడ అఖాతాన్ని తుఫాను అలలనుండి కాపాడేది ఇదే. దీని చాటున కోరంగి మడ అడవులు పెరిగాయి. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన కోరంగి రేవు తుఫానుల వలన, పూడిక వలన క్షీణించగా వ్యాపారం కాకినాడకు తరలింది.

ఈ ఇసుక కొమ్ములు ఎందుకు పెరుగుతున్నాయన్న ప్రశ్నపై మహదేవన్, ఆర్. ప్రసాదరావు కలిసి వ్రాసిన వ్యాసం 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయ సముద్రశాస్త్ర గ్రంథమాల తొలి సంపుటిలో వెలువడింది. వరదకాలంలో నది తెచ్చిన ఇసుకను తీరపు ప్రవాహం ఉత్తరానికి నెట్టుతుంది. తీరరేఖ ఒక్కసారిగా లోపలికి వంగిన చోట ప్రవాహపు బలం తగ్గి ఇసుక దిగబడుతుంది. ఏటేటా ఇదే జరిగి దిబ్బ పొడవవుతుంది. డెల్టా నిర్మాణం ఒక తరం మనుషుల కళ్ళముందే జరుగుతుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

సముద్ర భూవిజ్ఞానం

1952లో అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. విశ్వవిద్యాలయానికి సొంత పరిశోధన నౌక లేదు. భారత నౌకాదళం తన నౌకలను ఇచ్చి తోడ్పడింది. ఆ నౌకలలో ఆచార్యులు, విద్యార్థులు తూర్పు తీరం వెంట ప్రయాణించి నీటి ఉష్ణోగ్రత, లవణీయత, ప్రవాహాలను కొలిచారు. ప్రతిధ్వని పరికరాలతో లోతును కొలిచారు. సముద్రపు అడుగునుండి మట్టి నమూనాలను పైకి తీసుకువచ్చారు.

ఆ మట్టిని పరిశీలించే పని భూవిజ్ఞాన శాఖకు వచ్చింది. మహదేవన్, ఎం. పి. రావు కలిసి తూర్పు తీరపు సముద్ర అవక్షేపాలపై వ్రాసిన వ్యాసం కూడా 1954 నాటి తొలి సంపుటిలోనే చోటుచేసుకుంది. ప్రతి నమూనాను జల్లించి, రేణువుల పరిమాణం నిర్ణయించి, గవ్వముక్కలు, సున్నం, బరువు ఖనిజాలు ఎంతెంత ఉన్నాయో లెక్కకట్టే ఓర్పు ఇందుకు అవసరం. విశాఖకు ఎదురుగా ఒడ్డుకు చేరువలో ఇసుక, నదీముఖాలకు ఎదురుగా మెత్తని బంకమన్ను ఉంటాయి. ఖండతీరపు అంచు వెలుపలి భాగంలో మాత్రం సున్నంతో కూడిన పాత ఇసుక కనిపిస్తుంది. ఇది నేటి లోతులో ఏర్పడేది కాదు. మంచుయుగంలో సముద్రమట్టం చాలా దిగువన ఉన్నప్పుడు అక్కడ తీరం ఉండేదనడానికి అది నిదర్శనం. శాఖలోని ఎం. సుబ్బారావు ఈ అవక్షేపాలపై పరిశోధనను కొనసాగించి 1964లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించాడు.

ఖండతీరపు అంచు దాటిన తరువాత వాలులో లోతైన లోయలు ఉన్నట్లు ప్రతిధ్వని కొలతలు చూపాయి. లాఫాండ్ వీటిని వర్ణిస్తూ వ్రాసిన వ్యాసం 1964లో భారత జియోఫిజికల్ యూనియన్ పత్రిక తొలి సంపుటిలో వెలువడింది. అందులో ఆ మూడు అగాధదరుల పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మొదటిది విశ్వవిద్యాలయం పేరు. మూడవది ఉపాధ్యక్షుడు వాసిరెడ్డి శ్రీకృష్ణ పేరు. వ్యాసం వెలువడేనాటికి మహదేవన్, శ్రీకృష్ణ ఇద్దరూ జీవించి లేరు.

చమురు, సహజవాయువు

చమురు పుట్టుకకు నాలుగు అంశాలు కలసిరావాలి. జీవపదార్థం కలిసిన మెత్తని బురద ఉండాలి, అది లోతుకు కూరుకుపోయి వేడెక్కాలి, పుట్టిన చమురు నిలువ ఉండటానికి రంధ్రాలున్న ఇసుకరాయి కావాలి, పైన దానిని కదలనీయని మూత పొర కావాలి. పెద్ద నదుల డెల్టాలలో బురద, ఇసుక మారిమారి పేరుకోవడం వలన ఈ పరిస్థితులు సమకూరే అవకాశం ఉంటుంది. కనుక నేటి డెల్టాలో ఇసుక ఎక్కడ దిగుతుంది, బురద ఎక్కడ దిగుతుంది అని తెలిసినవాడికే కోట్ల ఏళ్ళనాటి డెల్టాలో ఇసుకరాయి ఎక్కడ ఉండవచ్చునో ఊహించే శక్తి వస్తుంది. వాల్తేరు అవక్షేప పరిశోధనలకు, చమురు భూవిజ్ఞానానికి ఉన్న సంబంధం ఇదే.

1956లో ఏర్పడిన చమురు, సహజవాయు సంస్థ (ఓ.ఎన్.జి.సి.)కి భూవిజ్ఞానులు, భూభౌతిక శాస్త్రజ్ఞులు పెద్ద సంఖ్యలో అవసరమయ్యారు. ఆ అవసరాన్ని తీర్చిన విద్యాలయాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. 1970ల చివర నర్సాపురం వద్ద త్రవ్విన బావిలో గ్యాసు జాడ కనిపించడంతో కృష్ణా-గోదావరి బేసిన్ పై ఆశలు పెరిగాయి. 1987లో సముద్రంలో రవ్వ క్షేత్రం, 2002లో లోతు నీటిలో డి-6 క్షేత్రం కనుగొనబడ్డాయి. 2006లో జరిగిన జాతీయ గ్యాస్ హైడ్రేట్ యాత్రలో ఇదే బేసిన్‌లో సముద్రపు అడుగున 128 మీటర్ల మందం గల గ్యాస్ హైడ్రేట్ పొర బయటపడింది.

ఈ సంపదకు మరో ముఖం కూడా ఉన్నది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద బావినుండి గ్యాసు ఎగజిమ్మి మంటలంటుకోగా, వాటిని ఆర్పడానికి రెండు నెలలకు పైగా పట్టింది. కోనసీమ పల్లెలు ఆ మంటల వెలుగులో రాత్రులు గడిపాయి.

గౌరవాలు

1934లో రామన్ భారతీయ విజ్ఞాన అకాడమీని బెంగుళూరులో స్థాపించినపుడు మహదేవన్ అదే సంవత్సరం దానికి ఫెలోగా ఎన్నికయ్యాడు. నేషనల్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ సైన్సెస్ ఆఫ్ ఇండియా (ప్రస్తుతం భారత జాతీయ విజ్ఞాన అకాడమీ)కి కూడా ఫెలోగా ఉన్నాడు.

అరవై ఒకటవ జన్మదిన సందర్భంగా దేశంలోని భూవిజ్ఞానుల వ్యాసాలతో మహదేవన్ సంపుటం 1961లో వెలువడింది. దీనికి సంపాదకుడు ఎం. ఎస్. కృష్ణన్. ఈయన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొట్టమొదటి భారతీయ డైరెక్టరు. 1961లోనే హైదరాబాదులో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు తొలి డైరెక్టరు కూడా. సంపుటాన్ని ముద్రించినది ఉస్మానియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం. ఈ విధంగా వాల్తేరు ఆచార్యుని గౌరవ గ్రంథం ఆయన పూర్వం ఉద్యోగం చేసిన హైదరాబాదులోనే అచ్చయింది.

మరణం, వారసత్వం

సంపుటం వెలువడిన మరుసటి సంవత్సరం, 1962 ఏప్రిల్ 6న మహదేవన్ మరణించాడు. అప్పటికి హిందూ మహాసముద్రంపై అనేక దేశాలు కలిసి చేపట్టిన అంతర్జాతీయ పరిశోధన యాత్ర ఆరంభమై ఉన్నది. తాను చిన్న పరికరాలతో, అరువు నౌకలతో మొదలుపెట్టిన పని ప్రపంచస్థాయికి పెరగడాన్ని పూర్తిగా చూడలేకపోయాడు.

శిష్యులలో ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ రేడియోధార్మిక భూవిజ్ఞానంలో పేరుపొందాడు. దేశవిదేశాలలో బోధించిన ఈయన హైదరాబాదులో జలవనరుల నిర్వహణకు ఏర్పరచిన అంతర్జాతీయ కేంద్రానికి తన గురువు మహదేవన్ పేరు పెట్టాడు. బావులకు నీటిజాడ వెదికే సర్వేలో పనిచేసిన శాస్త్రజ్ఞునికి ఇది సముచితమైన స్మారకం.

మహదేవన్ నడిచిన నేలలు తరువాతి కాలంలో మరొక ప్రశ్నకు కూడా వేదికలయ్యాయి. బొగ్గు, చమురు మండించగా వెలువడిన కార్బన్ డయాక్సైడును తిరిగి భూమిలోనే భద్రపరచడం సాధ్యమా అన్నది ఆ ప్రశ్న. ఇందుకు ఖాళీ అయిన చమురు పొరలు, ఉప్పునీటి ఇసుకరాయి పొరలు, త్రవ్వడానికి వీలుకాని బొగ్గు పొరలు, బసాల్టు శిలలు పరిశీలనలో ఉన్నాయి. భీమా శ్రేణిని ఉత్తరాన కప్పివేసే దక్కన్ లావా సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన బసాల్టే. వికారాబాదు, జహీరాబాదు పరిసరాలలో దీని తూర్పు అంచును చూడవచ్చు. బసాల్టులోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుము నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడుతో కలిసి కార్బొనేటు ఖనిజాలుగా గట్టిపడతాయి. ఐస్‌లాండులో 2012లో ప్రవేశపెట్టిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్ళలోపే ఇలా రాయిగా మారినట్లు 2016లో ప్రకటించారు. దక్కన్ బసాల్టు ఇందుకు ఎంతవరకు పనికివస్తుందన్న విషయమై హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ అధ్యయనాలు చేసింది.

మహదేవన్ కాలానికి ఈ సమస్య ఎదురుకాలేదు. ఆయన నాటి ప్రశ్న భూమిలో ఏమి ఉన్నదన్నది. తరువాతి తరం ప్రశ్న భూమిలోకి తిరిగి ఏమి పంపవచ్చునన్నది. అయితే రెండింటికీ మొదటి మెట్టు ఒక్కటే. పొరల వరుస తెలియాలి, ఒక్కొక్క పొర స్వభావం తెలియాలి. సురపురం తాలూకా పటంనుండి బంగాళాఖాతపు బురద నమూనాల దాకా మహదేవన్ చేసిన పని అదే.